గోడకో మేకు

బొమ్మలేసేవాళ్లలో మాదొక తెగ. మనుషుల్ని వేస్తాం, వాళ్లు నిలబడ్డ చోటుని వెయ్యం. హీరో వెనకాల ఒక మబ్బు, పక్కన ఒక చెట్టు, మరీ తప్పకపోతే ఒక పరదా. ఊరు వెయ్యాల్సొస్తే పొగమంచు దింపేస్తాం. ఆమధ్య ఒక పిల్లల కథలో రచయిత మిట్టమధ్యాహ్నం సంత పెట్టాడు: రెండువైపులా దుకాణాలు, చివర గుడిగోపురం. మిట్టమధ్యాహ్నం మంచు కురిపించలేక పర్‌స్పెక్టివ్ గ్రిడ్ నేర్చుకోవడం మొదలెట్టాను.

సూత్రం వింటే ముచ్చటేస్తుంది. మన కంటి ఎత్తులో ఒక అడ్డగీత, దానిమీద ఒక చుక్క. మననుంచి దూరంగా పోయే అరుగులు, చూర్లు, కరెంటు తీగలు అన్నీ ఆ చుక్కలోకే పోవాలి. నేల చదునుగా ఉండి, అందరూ మనంత ఎత్తువాళ్లయితే, దగ్గరివాడి కళ్లూ దూరపువాడి కళ్లూ ఆ గీతమీదే ఉంటాయి. పాదాలు మాత్రం దూరం వెళ్లేకొద్దీ పైకి జరుగుతాయి. ఇది సరిచూసుకోడానికి ఒక కన్ను మూసి చూడాలి. బస్టాండులో అలా చూసే మగాణ్ణి జనం అడిగే ప్రశ్నలకి ఏ డ్రాయింగు పుస్తకంలోనూ జవాబుల్లేవు.

స్తంభాల చిట్కా మరీ బాగుంటుంది. మొదటి రెండు స్తంభాలు వేసి, మొదటిదాని కొసనుంచి రెండోదాని నడుం మీదుగా గీత లాగితే, అది నేలగీతని ఎక్కడ తాకితే అక్కడ మూడోది. కరెంటువాళ్లు కూడా అంత సమంగా పాతరు.

సంతకి ఒక్క చుక్క చాలు. అభ్యాసానికని వీధి మొగలో మా ఓనరుగారి మూడంతస్తుల మేడ వేద్దామంటే రెండు కావాలి. వాటిని దగ్గరగా పెడితే మేడ మూల మన కంట్లో పొడిచేట్టు సాగుతుంది. దూరంగా పెడితే కాగితం దాటిపోతాయి. కాగితాన్ని గోడకి అంటించి చూస్తే ఎడమ చుక్క బీరువా తలుపుమీద పడింది, దానికి అయస్కాంతం సరిపోయింది. కుడిది వంటింటి గుమ్మం పక్క గోడమీద. అక్కడ మేకు కొట్టి దారం కట్టాల్సిందే. మాది అద్దిల్లు.

ఈ విద్యకి మేకు కొత్తేం కాదు. మిలాన్‌లో ‘లాస్ట్ సప్పర్’ వేసేటప్పుడు లియొనార్డో క్రీస్తు కణత దగ్గర మేకు కొట్టాడు, ఆ చిల్లు తర్వాత మరమ్మతు చేసినవాళ్లకి దొరికింది. 1525లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ అచ్చేసిన పుస్తకంలో వీణలాంటి వాద్యాన్ని గీసే బొమ్మ ఉంది. అందులోనూ గోడకో కొక్కెం, కొక్కేనికో దారం, దారానికో బరువు. వీళ్లలో ఎవరికైనా అడ్వాన్సులో కోత పడ్డట్టు చరిత్రలో లేదు.

ఫ్లోరెన్సు చిత్రకారుడు ఉచెల్లో రాత్రంతా ఈ గీతలతోనే కూచునేవాడనీ, భార్య పడుకోమని పిలిస్తే పర్‌స్పెక్టివ్ ఎంత తియ్యనిదో అంటూ మురిసిపోయేవాడనీ, చిత్రకారుల జీవితకథలు రాసిన వసారి రాశాడు. మా ఆవిడ పిలవదు, లైటు తీసేస్తుంది. పగలు మాత్రం, “ఏవండీ, ఆ దారమ్మీద తువ్వాలు ఆరేసుకోవచ్చా?” అంది. నేను జవాబు చెప్పేలోగా ఆరేసింది. మేడ కుడిపక్క సన్‌షేడ్లన్నీ ఒక్కసారిగా నడ్డివిరిగాయి.

తువ్వాలు ఆరాక మళ్లీ గీశాను. ఆదివారం ఓనరుగారొచ్చి, మేకు చూసి మొహం మాడ్చుకున్నారు. నోరు తెరిచేలోపు కళ్లు బొమ్మమీద పడ్డాయి. గ్రిడ్‌కి మొహమాటం ఉండదు. వరసలో అందరి గోడలూ ఒకే గీత పట్టుకుని పోతుంటే, ఆయన మెట్లూ కారు ర్యాంపూ ఆ గీత దాటి నాలుగు గళ్లు రోడ్డెక్కాయి. దగ్గరకొచ్చి గళ్లు లెక్కపెట్టారు.

“మాస్టారూ, ఈ మెట్లు లేకుండా వెయ్యడం కుదరదా?”

“గ్రిడ్ ఒప్పుకోదండీ.”

“పోనీ, మున్సిపాలిటీవాళ్ల కంటబడనివ్వకండి” అని గుమ్మందాకా వెళ్లి, వెనక్కి తిరిగారు. “మేకులు ఇంకా కావాలంటే మా ఇంట్లో ఉన్నాయి, అబ్బాయిని పంపండి.”