సార్ల దయ, సూర్యుడి దయ

కరెంటు పథకాలు రాసే సార్లకు జడ్చర్ల బాదేపల్లి రేకుల ఇండ్ల తరఫున శనార్థులు.

మా ఎండ విలువ కనిపెట్టింది మీరే. ఇన్నాళ్లూ దాన్ని కరువన్నాం, వడదెబ్బన్నాం. మీరు మెగావాట్లన్నారు. 2030 నాటికి మరో 20,000 మెగావాట్ల హరిత విద్యుత్తని 2025లో రాష్ట్ర విధానమే రాశారు. నెత్తి మీద ఇంత ఆస్తి పెట్టుకొని మా తాతలు బొంబాయి బస్సెక్కారు, ఎంత అమాయకులో!

మీ ధర్మబుద్ధి చూడాలంటే పీఎం సూర్యఘర్ చూడాలి. ఒక కిలోవాట్ సౌర పలకలకు 30,000 రూపాయల రాయితీ, రెండింటికి 60,000, మూడింటికి 78,000. స్లాబు ఎంత పెద్దదైతే దయ అంత పెద్దది. ఆ డబ్బు కూడా పలకలు బిగించాకే ఖాతాలో పడుతుంది, ముందు పెట్టుబడి పెట్టగలవాడి ఓపికను గౌరవించాలి గదా! కిరాయికున్నవాడికి పైకప్పే తనది కాదు. వాడికి ఆశ పెట్టి ఉసూరుమనిపించడం మీకు చేతకాదు, అందుకే అసలు ఆశే పెట్టలేదు.

కిరాయివాళ్లను మరిచారని ఎవరంటారు? 2024 మార్చి నుంచి ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి ఉంది. 200 యూనిట్ల దాకా కన్నతల్లి, 201వ యూనిట్ దగ్గర అత్తగారు. ఆ ఒక్క యూనిట్ కోసం నెల బిల్లంతా కట్టించుకుంటుంది. మూడు గదులకు ఒకే మీటరున్న ఇంట్లో మూడు కుటుంబాలూ కలిసికట్టుగా ఆ గీత దాటుతాయి. ఇంతటి ఐకమత్యం ఏ పథకం తేగలిగింది? ఏప్రిల్‌లో రేకుల కింద కూలర్ లేనిదే పడుకోని పసివాడిది మాత్రం తప్పే. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీలు తగ్గించమన్నవాళ్లకు పోలీసు తూటాలు దొరికాయి. ఇప్పుడు దరఖాస్తు ఫారం దొరుకుతోంది. అభివృద్ధి కాదా మరి?

ఢిల్లీ సార్లను వదిలేస్తే పాపం. వాళ్ల 2023 నిబంధనల ప్రకారం స్మార్ట్ మీటరుంటే ఎండ కాసే 8 గంటలు కరెంటు 10 నుంచి 20 శాతం చౌక, రద్దీ వేళ అంతే ప్రియం. అడ్డా కూలి పొద్దున్నే ఇంటికి తాళమేసి చౌక కరెంటును తాళం లోపలే భద్రంగా ఉంచిపోతాడు. పొద్దుగూకి వచ్చి, ఫ్యాను తిప్పి, పిల్ల పుస్తకం మీద లైటేసి ప్రియమైన కరెంటు కాలుస్తాడు. వేళాపాళా తెలియని మనిషి. మా గల్లీకి ఆ మీటరు వచ్చే శుభదినం కోసం ఎదురుచూస్తున్నాం.

కల్వకుర్తి అవతల ముఖ్యమంత్రి సొంతూరు కొండారెడ్డిపల్లిని సౌర గ్రామం చేశారు. ఊరు ఊరంతటికీ పలకలు ఎలా బిగించాలో మీకు తెలుసన్నమాట. తెలిసీ మా గల్లీ జోలికి రాలేదంటే ఎంత నిగ్రహం సార్!

మా రేకుల మీద కూడా సౌరశక్తి వాడకం జోరుగానే ఉంది లెండి. నిన్న మిరపకాయలు ఎండాయి, ఇవాళ వడియాలు. వాటికి రాయితీ అడగం.