నెమ్మదిగా మాట్లాడండి అని లౌడ్‌స్పీకర్‌లో

ఎదుటివాడు మాట ముగించేదాకా ఆగి, అతని వాదాన్ని మాత్రమే ఖండించి అతని వంశాన్ని వదిలిపెట్టే సంభాషణను సభ్యచర్చ అంటారు; అందుకు ఇద్దరు మనుషులు, ఒక అభిప్రాయభేదం, కాస్త తీరిక ఉంటే చాలు. 2010 అక్టోబరు 30న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో మాత్రం దాన్ని నిలబెట్టడానికి నేషనల్ మాల్ అనే విశాల మైదానమూ, అక్కడ కిక్కిరిసేంత జనమూ, గొంతు తగ్గించమని చెప్పడానికి లౌడ్‌స్పీకర్లూ అవసరమయ్యాయి. పిలుపునిచ్చినవారు నాయకులు కారు, వార్తలను వెక్కిరించే టీవీ కార్యక్రమాల వ్యాఖ్యాతలు జాన్ స్టీవర్ట్, స్టీఫెన్ కోల్బేర్. మొదటివారు వివేకం వైపు, రెండవవారు భయం వైపు వకాల్తా పుచ్చుకున్నారు గనుక ఉభయపక్షాల ప్రాతినిధ్యానికి లోటు రాలేదు.

సభకు కారణం లేకపోలేదు. ప్రజాప్రతినిధులు నియోజకవర్గ ప్రజలతో ముఖాముఖి మాట్లాడే టౌన్‌హాల్ సమావేశాలు 2009లో ఆరోగ్య బీమా బిల్లు పుణ్యమా అని కేకల పోటీలయ్యాయి. ఆ సెప్టెంబరులో ఉభయసభల ఎదుట ఒబామా ప్రసంగిస్తుండగానే జో విల్సన్ అనే సభ్యుడు అబద్ధమాడుతున్నావంటూ అరిచారు. అధ్యక్షుని బొమ్మకు హిట్లర్ మీసం గీసిన ప్లకార్డులు వీధికెక్కాయి (ఆయనకు ముందు బుష్‌కూ ఆ మీసం తప్పలేదు). అందువల్ల, ఎదుటివాడితో ఏకీభవించకపోయినా అతడు హిట్లర్ కాడని తనకు దాదాపు నమ్మకమేనని చాటే ప్లకార్డును స్టీవర్ట్ సూచించినప్పుడు, నాటి మార్కెట్‌లో అది భారీ తగ్గింపు ధరగానే కనిపించింది.

వేదికపై సభ్యచర్చకు నమూనాగా నిలిచినవి రైళ్లు. యూసుఫ్ ఇస్లాం శాంతి రైలు పాట అందుకోగానే కోల్బేర్ ఆపించి, ఆజీ ఆస్‌బర్న్ చేత పిచ్చి రైలు పాట పాడించారు. దాన్ని స్టీవర్ట్ ఆపించారు. ఇలా ఒకరి పాటను ఒకరు కోసుకుంటూ పోయాక ఓజేస్ బృందం వారి ప్రేమ రైలు దగ్గర రాజీ కుదిరింది. వివాదం దేని మీదో తెలియకుండానే రాజీ కుదరడం ఉద్యమానికి శుభసూచకమే, ఎందుకంటే పన్నుల మీదో యుద్ధం మీదో మాట్లాడితే వచ్చినవారిలోనూ ఇద్దరు విడిపోయే ప్రమాదం ఉంది. ఎవరిని ఒప్పించాలో ఆ కేకలవారు మైదానానికి రానేలేదు. వచ్చినవారు అప్పటికే మర్యాదస్తులు.

లారీలు, బిర్యానీ పొట్లాలు లేనిదే సభ నిండదని నమ్మే తెలుగు కార్యకర్తకు అక్కడి జనం సొంత డబ్బుతో టికెట్ కొని మెట్రో ఎక్కడం వింతగా తోచవచ్చు. లెక్క విషయంలో మాత్రం తేడా లేదు: సీబీఎస్ వార్తాసంస్థ వేయించిన అంచనాల ప్రకారం ఈ సభకు వచ్చినవారు సుమారు 2,15,000 మంది కాగా, ఆగస్టు 28న ఫాక్స్ న్యూస్ వ్యాఖ్యాత గ్లెన్ బెక్ జరిపిన సభకు వచ్చినవారు సుమారు 87,000 మంది. తలల లెక్కతో వాదం నెగ్గదని బోధించదగిన సభను సమర్థించేవారికి ఆ అంకెలే అక్కరకొచ్చాయి. తటస్థత చెడుతుందని ఎన్‌పీఆర్ రేడియో తన సిబ్బందిని సభకు వెళ్లవద్దంది. అలాంటి సంస్థలకు కోల్బేర్ ప్రకటించిన భయ పతకాన్ని, వాటికంటే ధైర్యవంతురాలన్న హోదాలో ఏడేళ్ల బాలిక అందుకుంది.

పార్లమెంటు ఎన్నికలకు అప్పటికి మూడు రోజులే గడువున్నా, ఫలానా పక్షానికి ఓటేయమని స్టీవర్ట్ అడగలేదు. అడగడానికి మొహమాటపడని రిపబ్లికన్లు నవంబరు 2న ప్రతినిధుల సభలో 63 స్థానాలు పెంచుకున్నారు.