కాగితం మీద కాగని ద్రవం

రసాయన ప్రయోగశాలల్లో ఒక సాధుద్రవం ఉంది. ఆవిరి కాదట, అంటుకోదట, ఎంత కాచినా చలించదట. దాని పేరు అయానిక ద్రవం. నిజానికది 100 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగే ఉప్పు. 12 డిగ్రీలకే కరిగే ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ గురించి పాల్ వాల్డెన్ 1914లోనే రాశాడు. పాపం, ఆయనకు దాన్ని ‘గ్రీన్ సాల్వెంట్’ అని పిలవాలన్న తెలివి లేకపోయింది. ఆ పచ్చరంగు పూయడానికి శతాబ్దం చివరిదాకా ఆగాల్సివచ్చింది.

సాధువు పూర్వాశ్రమం అడగకూడదంటారు. అయినా అడుగుదాం. మిథైల్ ఇమిడజోల్‌ను బ్యూటైల్ క్లోరైడ్‌తో కలిపి కాస్తే బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం క్లోరైడ్ వస్తుంది. ముడిసరుకంతా మామూలుగా పెట్రోలియం ఇంటి పిల్లలే. క్లోరైడ్ తీసేసి మరో రుణ అయాన్‌ను కూర్చోబెట్టాలంటే ఇంకో విడత చర్య, ఆపైన కడగడాలు. ఆ కడుగునీళ్ల రంగు ఎవరూ అడగరు.

ఇక స్థిరత్వం. వేడిచేస్తూ బరువు తూచే యంత్రంలో చుక్క వేసి, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున ఉరికిస్తారు. బరువు 400 డిగ్రీల దగ్గర పడిపోతే ‘400 దాకా స్థిరం’ అని రాసేస్తారు. దీపం మంటలోంచి వేలు చటుక్కున లాగేసి, నిప్పు కాలదని చాటింపు వేసినట్టు! అదే ద్రవాన్ని అంతకంటే చాలా తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచితే మెల్లగా విరిగిపోతుంది.

కథ బయటపెట్టింది రసాయనవేత్తలే. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ ద్రవం నీటితో కలిసి గాజును తినే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని కక్కుతుందని 2003లో తేల్చారు. ఆవిరి కాదన్న వాటిలో కొన్నిటిని 2006లో ఏకంగా స్వేదనం చేసి చూపించారు. అంటుకోవన్న వాటిలో కొన్ని వేడికి విరిగాక అంటుకుంటాయనీ అదే ఏడాది రుజువైంది.

మరి విరిగిపోవడమే నిజమైతే? విరిగితే వచ్చే సరుకు కోసమే కాచామంటూ, దాన్నే ‘సంశ్లేషణ మార్గం’ అనేస్తే సరి! నిన్నటి లోపం నేటి పద్ధతి.

ఉప్పును కాచి సరుకు తీయడం కొత్త విద్యేమీ కాదు. కరిగిన అమ్మోనియం నైట్రేట్‌ను కాచి నైట్రస్ ఆక్సైడ్ తీయడం పాత పరిశ్రమే. డయజోనియం ఉప్పును వేడిచేసి ఫ్లోరోబెంజీన్ రాబట్టే బాల్జ్-షీమన్ చర్య 1927 నాటిది. వాటికెవరూ హరిత పట్టా అడగలేదు.

నిజాయితీగా కాల్చినవాళ్లూ ఉన్నారు. 2010లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధకులు డైసైనమైడ్ ద్రవాన్ని కాల్చి నత్రజని కలిసిన కర్బనాన్ని తీశారు. సాధారణ ద్రవమైతే వేడి తగలగానే మూసలోంచి ఎగిరిపోయేది. ఇది నిలబడింది. దానిలోని సైనో సమూహాలు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడ్డాయి. ఇక్కడ విరగడమే పని, దాచిందేమీ లేదు.

అదే ఉత్సాహంతో క్లోరైడ్ ద్రవాన్ని కాచేవారికి మాత్రం ఏం దక్కుతుంది? వచ్చేవాటిలో మిథైల్ ఇమిడజోల్, బ్యూటైల్ క్లోరైడ్ ఉంటాయి. అంటే మొదట డబ్బు పెట్టి కొన్న ఆ రెండు సీసాలే, ఈసారి కరెంటు బిల్లుతో సహా.