ఆ రాయి మీద ఇంకా పేర్లున్నాయి

మా రోజుల్లో ముందు పాట వినేవాళ్లం, ఆ తర్వాత కుదిరితే ఆ ఊరు చూసేవాళ్లం. ఇప్పుడు ముందు ఊరు చూస్తున్నారు, ఫొటో దిగుతున్నారు, ఆ ఫొటోకి తగిలించడానికి పాట వెతుక్కుంటున్నారు. లివర్‌పూల్ శివార్లలో ఊల్టన్ అని ఒక పేట ఉంది. అక్కడ సెయింట్ పీటర్స్ చర్చి ఆవరణలో ఎలినార్ రిగ్బీ అనే పేరు చెక్కిన సమాధి రాయి ఉంది. బీటిల్స్ బ్యాండు పాట ఒకదాని పేరూ అదే. అందుకని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. రావడం మీద నాకేం కోపం లేదు. వచ్చాక చేసే పని చూస్తేనే ఒళ్లు మండుతుంది.

ఆ పాట 1966 ఆగస్టులో వచ్చింది. విశాఖలో మా మెడికల్ కాలేజీ హాస్టల్ దాకా రావడానికి ఇంకొంత కాలం పట్టింది. కలకత్తా డమ్‌డమ్‌లో తయారైన రికార్డు, ఒక సీనియర్ గదిలో ప్లేయరు, చుట్టూ నేల మీద మేం. ముల్లు మధ్యలో పెడితే రికార్డు మీద గీత పడుతుందని ఆయన ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. మొదలుపెడితే చివరిదాకా వినాల్సిందే. ఇంగ్లీషు యాస సగం అర్థమయ్యేది కాదు. కానీ పెళ్లి అయిపోయిన చర్చిలో నేల మీద రాలిన బియ్యం ఏరుకునే ఒంటరి ఆడమనిషి అని తెలిశాక ఇంకెవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. పెళ్లివారు వెళ్లిపోయాక పందిట్లో తలంబ్రాలు ఊడ్చే మనిషిని మేమందరం చూసినవాళ్లమే. పాటలో ఆవిడ చచ్చిపోతుంది. మట్టి చేయడానికి ఒక్కరూ రారు, పాదిరీ తప్ప. పాట మొత్తం రెండు నిమిషాల మీద కొన్ని సెకన్లు. అంతలో ఒక బతుకూ ఒక చావూ అయిపోతాయి. గది కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయేది.

ఆ పాటలో గిటారు లేదు, డ్రమ్ములు లేవు. నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు. వాటికి స్వరాలు రాసింది వాళ్ల రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్. నలుగురు బీటిల్స్‌లో ఒక్కరూ అందులో వాయిద్యం ముట్టుకోలేదు. మైకులను తీగలకు ఆనేంత దగ్గరగా పెట్టాడట ఇంజనీరు జెఫ్ ఎమెరిక్. వాయించేవాళ్లకు అది నచ్చలేదు కూడా. ఆ కమాను గీత గీతకూ తీగ కోసుకుపోతున్నట్టు వినిపిస్తుంది, వినండి. ఫోను స్పీకరులో పదిహేను సెకన్ల ముక్క పెట్టుకుంటే అది వినపడదు. వినపడకపోయినా ఫర్వాలేదనుకునే కాలం వచ్చింది, అదీ నా బాధ.

డెబ్బైల్లో ఉద్యోగానికి ఇంగ్లండు వచ్చి, లివర్‌పూల్ ప్రాంతంలోనే స్థిరపడ్డాను. అప్పట్లో ఆ చర్చి పక్క నుంచి ఎన్నిసార్లు వెళ్లినా ఆ రాయి సంగతి మాకెవరికీ తెలియదు. 1980ల్లో గానీ దాని కబురు బయటికి పొక్కలేదు. మొదట్లో వచ్చేవాళ్లు వేరు. గేటు దగ్గరే గొంతు తగ్గించేవాళ్లు. వెతికి వెతికి పట్టుకుని, ముందు వంగి చదివేవాళ్లు. ఒక జపాన్ ఆయన కళ్లజోడు తుడుచుకుని రాయిని పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చదవడం నేను చూశాను.

ఇప్పుడు చూడండి. వ్యాను ఆగుతుంది, పదిమంది దిగుతారు, ఒకరి తర్వాత ఒకరు రాయి మీద చెయ్యేసి ఫొటో దిగుతారు, వ్యాను వెళ్లిపోతుంది. పక్క సమాధి గడ్డి మీద ఎవరి కాలు పడుతోందో ఎవరికీ పట్టదు. అది నడుస్తున్న చర్చి. లోపల ప్రార్థనలు జరుగుతాయి, తల్లిదండ్రుల సమాధులకు పూలు పెట్టడానికి స్థానికులు వస్తారు. మొన్నొకసారి మన పిల్లలే, గుంటూరు వైపు మాట, ఇక్కడ చదువుకోడానికి వచ్చినవాళ్లు. నేను రాయి దగ్గర నిలబడి ఉంటే, "అంకుల్, కొంచెం పక్కకి జరుగుతారా, ఫ్రేములో పడుతున్నారు" అన్నాడు ఒకబ్బాయి. జరిగాను. ఫొటో అయ్యాక, "బాబూ, ఆ రాయి మీద ఏముందో చదివావా?" అని అడిగాను. "ఎలినార్ రిగ్బీ కదండీ, ఎవరూ లేకుండా చచ్చిపోయిన ఆవిడ" అన్నాడు.

అక్కడే నా పోరంతా. ఆ రాయి చెప్పేది దానికి పూర్తిగా తలకిందులు. అందులో మొదటి పేరు ఆవిడది కానే కాదు. జాన్ రిగ్బీ, 1915లో 72 ఏళ్ల వయసులో పోయిన తాతగారు. తర్వాత ఇంట్లో వాళ్ల పేర్లు. అందులో డోరిస్ అనే రెండేళ్ల పసిపిల్ల ఉంది. వాళ్లతో పాటే ఎలినార్. థామస్ వుడ్స్ ప్రియమైన భార్య అని, పైన చెప్పిన ఆయన మనవరాలని, 1939 అక్టోబరు 10న 44 ఏళ్ల వయసులో పోయిందని రాసి ఉంది. మొగుడున్న మనిషి, తాత పక్కన, చిన్నారి పక్కన, సొంతవాళ్ల మధ్య పడుకున్న మనిషి. ఆవిడ పేరు చెక్కించిన కుటుంబం ఉంది. ఒక్క నిమిషం కింద కూర్చుని చదివితే తెలిసేదానికి, ఎవరూ లేని దిక్కులేని మనిషి అని ముద్ర వేసి పోతున్నారు. ఇది ఆవిడకి చేస్తున్న అన్యాయం కాదా?

కొందరు గైడ్ల మాట ఇంకో తీరు. ఈ రాయి చూసే పాట రాశారని ప్రమాణం చేసినట్టు చెప్తారు. పాట రాసిన పాల్ మెకార్ట్‌నీ చెప్పింది వేరు. ఎలినార్ అన్నది 'హెల్ప్' సినిమాలో తమతో నటించిన ఎలినార్ బ్రాన్ పేరు నుంచి, రిగ్బీ అన్నది బ్రిస్టల్‌లో కనబడ్డ ఒక దుకాణం బోర్డు నుంచి. ఆ రాయిని ఎప్పుడో చూసి మనసులో ఎక్కడో ఉండిపోయి ఉండవచ్చునని మాత్రం తర్వాత ఒప్పుకున్నాడు. పాటలోని పాదిరీకి మొదట తన ఇంటిపేరే పెట్టి, నాన్న గురించి అనుకుంటారని మార్చి, టెలిఫోన్ డైరెక్టరీ తిరగేసి మెకెంజీ అన్నాడు. అదే ఆవరణలో మెకెంజీ పేరున్న రాయీ ఉంది. తమాషా సంగతే, ఎవరు కాదన్నారు? కాకపోతే 'ఉండవచ్చు' అన్నదాన్ని 'అంతే' అని అమ్ముకోవడం తప్పు. 2017లో ఆ సమాధి దస్తావేజులను కూడా వేలానికి పెట్టారు. సమాధి కాగితాలకు వెల కట్టే రోజు చూస్తానని నేననుకోలేదు.

ఇంతా చేసి, అసలు చూడాల్సింది చూడరు. రోడ్డుకు అవతల చర్చి హాలు. 1957 జులై 6, శనివారం, చర్చి తిరునాళ్లు. వెనక మైదానంలో పదహారేళ్ల జాన్ లెనన్ తన క్వారీమెన్ బ్యాండు కుర్రాళ్లతో పాడాడు. సాయంత్రం కార్యక్రమానికి ఆ హాల్లో సర్దుకుంటుండగా పదిహేనేళ్ల పాల్‌ని తీసుకొచ్చి పరిచయం చేశారు. పాల్ గిటారు తీసుకుని 'ట్వెంటీ ఫ్లైట్ రాక్' వాయించి చూపించాడు. ఆ ఒక్క సాయంత్రం లేకపోతే బీటిల్స్ లేరు, ఏ పాటా లేదు, ఈ వ్యాన్లూ లేవు. జాన్ చిన్నప్పుడు ఈ చర్చి గాయక బృందంలోనే పాడాడు. అతన్ని పెంచిన మిమీ పెద్దమ్మ భర్త జార్జ్ స్మిత్ సమాధి కూడా ఇదే ఆవరణలో ఉంది. 1955లో ఆయన పోయేనాటికి జాన్‌కి పద్నాలుగేళ్లు. ఇంట్లో ఆ కుర్రాడికి చనువిచ్చిన మనిషి ఆయన. ఆయన రాయి ముందు ఎంతమంది ఆగుతారు? నేను చూసినంతలో చాలా తక్కువ.

ఆ గుంటూరు అబ్బాయిని వదల్లేదు నేను. కూర్చోబెట్టి రాయంతా చదివించాను, డోరిస్ పేరుతో సహా. తర్వాత హాలు దగ్గరికి నడిపించాను. "ఇదంతా ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు. చెప్పేవాళ్ల కోసం చూడటమెందుకు బాబూ, రాతి మీద అక్షరాలు నీకంటే ముందునుంచే అక్కడున్నాయి అన్నాను. వచ్చే నెల మా మనవరాలు స్నేహితులతో వస్తానంటోంది. పాట మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఫోను ముట్టకుండా విని రాకపోతే ఊల్టన్ తీసుకెళ్లనని కచ్చితంగా చెప్పేశాను.