దారి లెక్కలు రాసే ఫోను ఆత్మకథ

రాయ్‌పూర్‌లోని శంకర్ నగర్‌లో, ఒక తెలుగు కుటుంబపు పెద్దాయన చొక్కా జేబులో ఉండే ఈ స్మార్ట్‌ఫోను తన జీవితాన్ని తానే చెప్పుకుంటుంది. వయసుతో పాటు జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గుతున్నవారు దారి పోల్చుకోవడంలో పడే ఇబ్బందిని యంత్రంతో అంచనా కట్టే శాస్త్రంతో ఆ జీవితం ముడిపడి ఉంది కనుక, శాస్త్రానికి తగిన నిష్పాక్షికత కోసం అది తనను మూడో వ్యక్తిగానే ప్రస్తావించుకుంటుంది.

ఈ ఫోనులో దారిని గమనించే ఇంద్రియాలు నాలుగు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలను అందుకొని ఉన్న చోటును లెక్కకట్టే గ్రాహకం మొదటిది. అడుగుల కుదుపును పసిగట్టే త్వరణమాపకం, మలుపు తిరిగిన తీరును గుర్తించే గైరోస్కోపు, దిక్కు తెలిపే అయస్కాంత దిక్సూచి మిగిలినవి. పెద్దాయన తెలీబాంధా చెరువు వైపు నడకకు వెళ్లినప్పుడు ఎంత దూరం నడిచారో, ఎక్కడ ఆగారో, ఏ మలుపు దగ్గర వెనుదిరిగారో ఇవి నమోదు చేస్తాయి. ఆగింది దారి తోచకనా, పరిచయస్తుడు పలకరించడం వల్లనా అన్నది మాత్రం వీటికి తెలియదు.

ఈ కొలతల వెనుక ఉన్న విజ్ఞానం ఫోను కంటే చాలా పాతది. ఎలుక ఒక నిర్దిష్ట స్థలానికి చేరినప్పుడు మాత్రమే స్పందించే ‘స్థాన కణాలు’ మెదడులోని హిప్పోక్యాంపస్‌లో ఉన్నాయని జాన్ ఓకీఫ్ 1971లో వెల్లడించగా, దాని పక్కనే ఉన్న ఎంటోరైనల్ వల్కలంలో దూరాన్నీ దిశనూ గళ్లుగళ్లుగా గుర్తించే ‘గ్రిడ్ కణాలను’ మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ల బృందం 2005లో వివరించింది. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి లభించింది. అల్జీమర్స్ వ్యాధిలో నాడీకణాలలో పేరుకునే ప్రోటీన్ చిక్కులు మొదట కనిపించే భాగాలలో ఆ ఎంటోరైనల్ ప్రాంతం ఒకటని 1991లోనే బ్రాక్ దంపతులు చూపారు. అందువల్లే, పేర్లు మరచిపోవడం కంటే ముందుగానే దారి తడబాటు వ్యాధిని సూచించవచ్చునన్న ఆలోచన బలపడింది.

ఆ ఆలోచనను విస్తారంగా పరీక్షించింది ఈ ఫోను జాతే. 2016లో విడుదలైన ‘సీ హీరో క్వెస్ట్’ అనే ఆటలో పటం చూసి, గుర్తుంచుకొని, పడవను గమ్యానికి నడపాలి. 40 లక్షల మందికి పైగా ఆడిన ఆ ఆట నుంచి, అల్జీమర్స్ ముప్పును పెంచే ఏపీఓఈ-4 జన్యురూపం ఉన్నవారు, మతిమరుపు ఫిర్యాదు లేకపోయినా, సూటి దారిని ఎంచుకోవడంలో వెనుకబడుతున్నారని 2019లో తేలింది. పెరిగిన ఊరి రూపం కూడా ఫలితాన్ని మారుస్తుందని, పల్లెల్లో పెరిగినవారు సగటున మెరుగ్గా దారి కనుక్కుంటారని 2022లో అదే సమాచారం చూపింది.

పెద్దాయన ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు. రెండో భాష తెలిసినవారిలో డిమెన్షియా, అనగా రోజువారీ పనులను దెబ్బతీసేంతటి బుద్ధిక్షీణత, సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులపై సువర్ణ అల్లాడి బృందం చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. జ్ఞాపకశక్తిని పదాల జాబితాతో కొలిచే పరీక్షలో కూడా భాష, చదువు ప్రభావం చూపుతాయి గనుక, మాటల అవసరం తక్కువైన దారి పరీక్ష ఇలాంటి వారికి ఎంతో ఉపకరిస్తుంది. అయితే తెరను తాకడం అలవాటులేని వృద్ధుడు పడవ ఆటలో ఓడిపోతే, అది మెదడు లోపమని తీర్మానించడం అన్యాయమవుతుంది.

రాయ్‌పూర్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు పెద్దాయన గడప దాటకపోవచ్చు. ఫోనును ఇంట్లోనే మరచి వెళ్లవచ్చు. మనవడు దాన్ని తీసుకెళ్లవచ్చు. ఆ రోజుల లెక్కలను క్షీణతగా చదివితే నిందపడేది నిర్దోషి మీదే. కనుక ఆయన నడకను ఎక్కడి వారి సగటుతోనో కాక, అదే రుతువులో ఆయనదే అయిన పాత నడకతో పోల్చాలి. మార్పు నిలకడగా కనిపిస్తే వైద్యుణ్ని సంప్రదించాలి. బీ12 విటమిన్ లోపం, థైరాయిడ్ మాంద్యం, కుంగుబాటు, చూపు తగ్గడం వంటి చికిత్సకు లొంగే కారణాలు కూడా ఇలాంటి తడబాటుకు దారితీస్తాయి కాబట్టి, ఫోను చూపేది అనుమానాన్నే తప్ప నిర్ధారణను కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది సమ్మతి. తన కదలికలు నమోదవుతున్నాయని, వాటిని ఎవరు చూస్తారో, ఎప్పుడు వద్దన్నా ఆపవచ్చునని, అర్థం చేసుకోగల స్థితిలో ఉన్నప్పుడే పెద్దాయనకు తెలుగులో వివరించాలి. పిల్లల భయం ఆయన సమ్మతికి బదులు కాలేదు. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా చెబుతుండగా, వారిని ఇంట్లో ఉంచి తాళం వేయడానికి ఈ లెక్కలు సాకు కారాదు. ఏ మలుపు దగ్గర తోడు కావాలో ముందుగా చెప్పి, మిగతా దారంతా ఆయనను స్వేచ్ఛగా నడవనిచ్చినప్పుడే ఈ ఫోను పుట్టుకకు సార్థకత.