బెంగళూరులో ఇంటి తిండి: మెట్టోళ్లకు కొన్ని సూచనలు

నెల్లూరు జిల్లా మెట్టలో, ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో బెంగళూరు బస్సెక్కిన ప్రతి మనిషీ నెల తిరక్కుండా పరిశోధకుడైపోతాడు. ఎక్కడ తింటే ఇంట్లో తిన్నట్టుంటుందన్నదే పరిశోధన. శని, ఆదివారాలు దానికే పోతాయి. ఈ జబ్బు నాకుంది, నాకు తెలిసిన మెట్టోళ్లందరికీ ఉంది. భోజనానికి కూర్చుంటే తిండికంటే దాని మీద ఫిర్యాదే ఎక్కువ వడ్డిస్తున్నారు. ఎటూ మానేది కాదు కాబట్టి, కొత్తగా వచ్చేవాళ్లు కనీసం ఒక పద్ధతి ప్రకారం వెతికి, పద్ధతి ప్రకారం నిరాశపడతారని ఈ సూచనలు రాస్తున్నా.

మొదట, ‘ఆంధ్రా’ అని బోర్డున్న ప్రతిచోటికీ వెళ్లండి. కొదవేం లేదు. రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున 1984 నుంచీ ఉంది. అరిటాకులో పప్పు, పొడి, నెయ్యి పడగానే కన్నడిగులూ తమిళులూ వేళ్లు నాక్కుంటూ తింటారు. మీరు మాత్రం అంత తొందరగా సంతోషపడకూడదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు సగం మూసి, "బాగానే ఉంది గానీ..." అనాలి. ఆ ‘గానీ’ తర్వాత ఏముందో చెప్పక్కర్లేదు. ఎవరూ అడగరు.

"నెల్లూరా? అయితే చేపల పులుసు!" అంటే వెంటనే ఒప్పుకోండి. ఉదయగిరికీ నెల్లూరుకూ మధ్య వంద కిలోమీటర్ల దాకా ఉంటుందనీ, మనకు చేపంటే ఊరి చెరువు ఎండినప్పుడు పట్టిందో సోమశిల జలాశయం నుంచి వచ్చిందోననీ చెప్పి పరువు తీసుకోవద్దు. మామిడికాయ ముక్కలు పడాలి, మర్నాడు తినాలి అని రెండు ముక్కలు చెబితే చాలు, మీరే నిపుణులు.

కర్రీ పాయింటులో అన్ని కూరలకూ గ్రేవీ ఒకటే. అది తెలిసీ రోజూ ఏమేం కూరలున్నాయని అడగండి.

ఊరి నుంచి పచ్చడి జాడీ తెచ్చుకోవడానికి మొహమాటం వద్దు. ఉదయగిరి నుంచి కర్ణాటకకు సామాను మోయడం మనతో మొదలు కాలేదు. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో దుర్గం పట్టుకున్నాడు. పోతూ పోతూ బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం చివరికి చెన్నై మ్యూజియానికి చేరింది. మన పిల్లల ఉద్యోగాలూ ఆ రెండు దిక్కులకే కదా. రాయలకు ఏనుగులున్నాయి, మనకు బస్సులో పైనున్న లగేజీ అర ఉంది. జాడీ మూతకు పాలిథిన్ కవరు, దాని మీద పాత చీర పేలిక, దాని మీద రబ్బరు బ్యాండ్లు. ఇంత చేసినా నూనె కారుతుంది, అదీ ఇస్త్రీ చేసిన చొక్కా మీదికే.

ఉదయగిరి చెక్క గరిటెలు ఒక సెట్టు కొనండి. వంటింటి గోడకు తగిలించండి. వచ్చినవాళ్లకు చూపించండి. వాటితో వండొద్దు.

రుచి ఎందుకు కుదరలేదో తేలనప్పుడు "నీళ్ల తేడా" అనండి. దీనికి ఎదురు చెప్పేవాడు పుట్టలేదు. నిజానికి మన నీళ్ల ఖ్యాతి పాతదే. దేశంలో, నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్ గురించి డాక్టర్లు మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా చూసే. పళ్లు పచ్చబడ్డవాళ్లనీ నడుం వంగినవాళ్లనీ మెట్టలో చూడని పిల్లలు లేరు. ఆ నీళ్ల రుచి కావాలని బెంగళూరులో కూర్చుని కలవరిస్తున్నాం. ఊళ్లో అమ్మ ఎప్పుడో క్యాన్ నీళ్లకు మారిపోయింది.

ఓదార్పు కోసం ఒక బెంగాలీతో స్నేహం చేయండి. మా పక్క గది కుర్రాడు ఆవనూనె సీసా ముక్కు దగ్గర పెట్టుకుని కలకత్తా తలుచుకుంటాడు. బెంగాలీ మెస్సుకు వెళ్లొచ్చిన ప్రతిసారీ అతనూ "బాగానే ఉంది గానీ" అనే అంటాడు. వాళ్ల ఇలిష్, మన గోదావరి పులస ఒకటే చేప. ఫిర్యాదు కూడా ఒకటే.

ఇక అసలు సంగతి, సంగటి. రాగులకు బెంగళూరును మించిన ఊరు లేదు. ఏ మిలిటరీ హోటల్లో కూర్చున్నా పొగలు కక్కే ముద్ద, పక్కన మాంసం పులుసు. పొరపాటున కూడా దాంతో సరిపెట్టుకోవద్దు. ముద్ద ఉత్త రాగిపిండి, మన సంగటిలో బియ్యం పడుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుని ఎన్నేళ్లయినా ఆకలితో ఉండొచ్చు. సంగటి వండడం తెలుసా అని అడిగితే "అమ్మ చేస్తుంది" అనండి. అమ్మ ఏం చేస్తుందో నేను చాలాసార్లు చూశాను, గడపలో నిలబడి. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోస్తుంది. కలపదు. మధ్యలో తెడ్డు కాడతో గుంట చేసి మూత పెట్టి మగ్గనిస్తుంది. తర్వాత గిన్నె దించి, రెండు పాదాలతో అదిమి పట్టి, రెండు చేతులా తెడ్డు తిప్పుతుంది. ఉండ కట్టకూడదు. చెమట గడ్డం మీదికి వస్తే భుజంతో తుడుచుకుంటుంది, చేతులు ఖాళీ ఉండవు. ఇంటి రుచి అని మనం ఊరూరా వెతికేదాంట్లో సగం ఆ మణికట్టు నొప్పి. దానికి హోటలువాడు ఎంత బిల్లేస్తే సరిపోతుంది?

ఇంకో మాట కూడా చెప్పాలి. మెట్టలో సంగటి ఎవరూ ఇష్టపడి మొదలెట్టింది కాదు. జొన్న, సజ్జ, కొర్ర, రాగి తప్ప పండని నేల. వరి అన్నం పండగకో చుట్టాలొస్తేనో. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక, పూటపూటా అన్నం తినగలగడం మా అవ్వలకు పెద్ద సంబరం. సంగటి గిన్నెలు అటకెక్కాయి. ఇప్పుడు మేం సెలవులకొస్తున్నామంటేనే అవి కిందికి దిగుతున్నాయి. మేం బస్సెక్కిన మర్నాడు ఇంట్లో మామూలుగా సన్నబియ్యం, కుక్కర్, టమాటా పప్పు. ఆత్మకూరులో అరబ్బీ మండీ బోర్డు పెట్టినచోట రాత్రిళ్లు కుర్చీ దొరకదు. మనం వెతుకుతున్న ఇంట్లో ఇంటివాళ్లే తినడం లేదన్నమాట.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకు ఒక మనవి. సంగటి చేసిపెట్టమని ముందుగా ఫోన్ చేయొద్దు. వెళ్లాక తెడ్డు మీరే పట్టుకోండి. మొదటి ముద్ద అమ్మకు పెట్టి, "బాగానే ఉంది గానీ" అని ఆమె అంటే అననీయండి.