అమృతం వచ్చాక యువనేత గతేమిటి?

2025 సెప్టెంబరు 3న బీజింగులో పెద్ద సైనిక కవాతు జరిగింది. చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్, రష్యా అధ్యక్షుడు పుతిన్, ఉత్తర కొరియా కిమ్ పక్కపక్కన నడుస్తున్నారు. ముగ్గురి దగ్గరా అణుబాంబులున్నాయి. ఏ దేశాన్ని ఏం చేద్దామని మాట్లాడుకుంటున్నారో అని ఎవరికైనా గుబులే. మైకు కట్టేయడం ఎవరో మరిచిపోవడంతో ఆ ముచ్చట కాస్తా మనదాకా వచ్చింది. అవయవాలు మార్చుకుంటూ పోతే మనిషి నానాటికీ పడుచువాడవుతాడనీ, చావును కూడా తప్పించుకోవచ్చనీ పుతిన్ గారి దుబాసీ చెప్పాడు. ఈ శతాబ్దంలోనే నూట యాభై ఏళ్ళు బతకొచ్చని కొందరంటున్నారని షీ గారు అందుకున్నారు.

ఇద్దరికీ అప్పటికి 72. ఆ వయసు పెద్దమనుషులు మన పార్కు బెంచీ మీద కలిస్తే షుగరు, మోకాళ్ళు, అమెరికా కొడుకు ఫోను చెయ్యకపోవడం తప్ప మరో ప్రస్తావన రాదు. వీళ్ళకు ఆ బెంగల్లేవు. షీ గారు 2018లోనే రెండు విడతల పరిమితిని రాజ్యాంగం నుంచి తీయించేశారు. పుతిన్ గారు 2020లో సవరణ చేయించి 2036 దాకా కుర్చీకి దారి వేసుకున్నారు. రాజ్యాంగం అడ్డు తొలగింది. ఇక దారికి రావాల్సింది గుండె, కాలేయం, మూత్రపిండాలే.

శాస్త్రం మనిషికి చావు లేకుండా చేయగలదా అన్న ప్రశ్న ఎవరి నోట వస్తోందో గమనించారా? అడ్డా మీద కూలి కోసం నిలబడ్డ మనిషి నోట ఎన్నడూ రాదు. నెలాఖరుదాకా బతకడమెలా అన్నదే ఆయనకు పెద్ద పరిశోధన.

సరే, శాస్త్రం ఏమంటోందో చూద్దాం. మన కణాలు నలభై నుంచి అరవై సార్లు విడిపోయి ఆపైన ఆగిపోతాయని లెనార్డ్ హేఫ్లిక్ అనే అమెరికన్ 1961లోనే తేల్చాడు. విడిపోయిన ప్రతిసారీ క్రోమోజోముల చివర ఉండే టెలోమియర్లు కాస్త కాస్త కురచబడతాయి. అరిగినదాన్ని తిరిగి అతికే టెలోమరేజ్ అనే ఎంజైమూ ఉంది. దాన్ని కనిపెట్టినవాళ్ళకు 2009లో నోబెల్ ఇచ్చారు. అయితే ఇంకేం, ఒంట్లో ప్రతి కణానికీ ఆ ఎంజైము పట్టిస్తే సరి అంటారేమో. ఆ పని సొంతంగా చేసేసుకున్న కణాలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని కేన్సర్ కణాలంటారు.

బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి 1951లో 31 ఏళ్ళకే కేన్సర్‌తో పోయింది. ఆమెను అడగకుండా తీసుకున్న కణాలు మాత్రం ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఇవాళ్టికీ పెరుగుతూనే ఉన్నాయి. మనిషి పోయింది, రోగం చిరంజీవి అయింది. కేన్సర్ కణం గుణగణాలు చూడండి. తన వంతు అయిపోయినా లేవదు. పక్కవాళ్ళకు వెళ్ళే రక్తాన్ని తనవైపు మళ్ళించుకుంటుంది. వీలైన ప్రతిచోటా తన శాఖ తెరుస్తుంది. ఎక్కడో చూసినట్టుందే అని మీకనిపిస్తే నా పూచీ లేదు, నేను జీవశాస్త్రమే చెబుతున్నాను.

జపాన్‌లో షిన్యా యమనాక 2006లో నాలుగు జన్యువులతో ముసలి కణాన్ని పసికణంగా మార్చి చూపించాడు. అది నిజంగా గొప్ప సంగతే, ఆయనకూ నోబెల్ వచ్చింది. ఆ విద్య మోతాదు మించితే ఎలుకలకు కణితులు లేచాయి. అయినా 2022లో ఆల్టోస్ ల్యాబ్స్ అనే సంస్థ ఇదే పని మీద మూడు వందల కోట్ల డాలర్ల పెట్టుబడితో దుకాణం తెరిచింది. ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన రాపమైసిన్ అనే మందు ఎలుకల ఆయుష్షును ఇంచుమించు పదోవంతు పెంచిందని 2009లో తేలింది. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవాళ్ళకు రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందది. మొత్తమ్మీద ఈ రంగంలో బాగుపడ్డవాళ్ళెవరంటే ఎలుకలు. అవి మన ఓటర్ల జాబితాలో లేవు కాబట్టి వాటి ఆయుష్షు గురించి మనమెవరమూ కలగజేసుకోలేదు.

అమెరికాలో బ్రయాన్ జాన్సన్ అనే ఆసామి 2013లో తన కంపెనీని ఎనభై కోట్ల డాలర్లకు అమ్మేసి, చావకుండా ఉండటాన్నే వృత్తిగా పెట్టుకున్నాడు. 2023లో పదిహేడేళ్ళ కొడుకు రక్తంలోని ప్లాస్మా ఎక్కించుకున్నాడు. లాభమేమీ కనపడలేదని తనే చెప్పి మానుకున్నాడు. యయాతి కథ మనకు తెలుసు కదా. ఆయనా కొడుకు పూరుడి వయసే తీసుకున్నాడు, కానీ బదులుగా రాజ్యం రాసిచ్చాడు. మన పురాణాల్లో తండ్రులు ఎంత స్వార్థపరులైనా బేరం మాత్రం నిక్కచ్చిగా చేసేవారు.

వెయ్యేళ్ళ కిందటి కథాసరిత్సాగరంలో ఇంకో కథ ఉంది. చిరాయువనే రాజుకు నాగార్జునుడనే మంత్రి ఉండేవాడు. ఆ మంత్రి రసాయనం తయారుచేసి రాజుకు పెట్టాడు, తనూ తిన్నాడు. ఆపైన అందరికీ పంచడానికి అమృతమే కాచబోతే ఇంద్రుడు అశ్వినీదేవతలను పంపి ఆపించాడు. మనుషులందరూ అమరులైతే దేవతల పరపతి ఏం కావాలి? రాజు మాత్రం ఎనిమిది వందల ఏళ్ళు ఏలాడు. ఈ ఎనిమిది వందల ఏళ్ళలో యువరాజులుగా పట్టం కట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ముసలివాళ్ళై పోతూ వచ్చారు, ఒక్కడికీ సింహాసనం దక్కలేదు. చివరికి జీవహరుడనే యువరాజు పట్టాభిషిక్తుడైన రోజున తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది. మీ నాన్న ఇలాగే ఉంటాడు, నువ్వూ నీ అన్నల్లాగే పోతావు అని లెక్క చెప్పింది. భోజనం వేళ ఎవరేమడిగినా ఇచ్చేయడం నాగార్జునుడి వ్రతం. జీవహరుడు ఆ వేళకు వెళ్ళి ఆయన తలే అడిగాడు. రసాయనం తిన్న మెడ కదా, కత్తులు విరిగిపోతుంటే నాగార్జునుడే ఏదో పొడి పూసి మరీ కోయించుకున్నాడు. మంత్రి పోగానే రాజు అడవికి వెళ్ళిపోయాడు. జీవహరుణ్ణి నాగార్జునుడి కొడుకులు చంపేశారు. పెద్దలు కూడి మరో రాణి కొడుకు శతాయువును గద్దెనెక్కించారు, ఈసారికి నూరేళ్ళ పేరుతో సరిపెట్టుకున్నారు. చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఇలాంటి కథనే శాతవాహన రాజు మీద చెప్పి పోయాడు. మన నాగార్జునకొండ పేరులో ఉన్నది ఆ నాగార్జునుడే.

అంటే వారసుడి బాధ ఇవాళ్టిది కాదు. పరాయివాడు వారసత్వం కొనుక్కున్నా అంతే. ఫ్రాన్సులోని ఆర్ల్ పట్నంలో ఒక లాయరు 1965లో తొంభై ఏళ్ళ జాన్ కల్మాఁతో ఒప్పందం రాసుకున్నాడు. ఆమె బతికున్నన్నాళ్ళు నెలకు 2,500 ఫ్రాంకులివ్వాలి, పోయాక ఇల్లు ఆయనది. ముప్ఫై ఏళ్ళు కట్టి 1995లో ఆయన పోయాడు. మిగతా వాయిదాలు ఆయన భార్య కట్టింది. జాన్ కల్మాఁ మాత్రం 1997లో, 122 ఏళ్ళు నిండాక వెళ్ళింది. ఇల్లు కొనేముందు వాస్తు చూసుకోవడమే మనకు తెలుసు.

ఇక మన సంగతికి రండి. మనకు ప్రతి పార్టీలోనూ ఒక యువనేత ఉంటాడు. ఏ పార్టీ అని అడక్కండి, లేని పార్టీ పేరు చెప్పడమే కష్టం. ఆయన జుట్టుకు రంగేసుకుంటాడు, మనవరాలికి బారసాల చేస్తాడు, తండ్రి కుర్చీలో ఉన్నంతకాలం యువనేతగానే ఉంటాడు. తండ్రికి అమృతం దొరికిందనుకోండి. మన యువనేత నాలుగు వందల ముప్ఫయ్యో పుట్టినరోజుకు కూడలి నిండా యువకిశోరం అంటూ ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఫ్లెక్సీ కింద వరసలో నవ్వుతూ నిలబడ్డ మునిమనవలందరూ బాలనేతలు. జీవహరుడు కనీసం మంత్రి తల అడగగలిగాడు. మన యువనేతకు బీ-ఫారం ఇవ్వాల్సింది కూడా ఆ తండ్రే.

ఉద్యోగాల లెక్క వేరే. 1983లో ఎన్టీఆర్ రిటైర్మెంటు వయసును 58 నుంచి 55కు దించితే ఉద్యోగులు భగ్గుమన్నారు. 2021లో తెలంగాణ మూడేళ్ళు పెంచి 61 చేసింది, 2022లో ఆంధ్ర 62 చేసింది. తెలంగాణలో ఆ మూడేళ్ళు పెరిగినందుకే హైదరాబాదు అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్ చదివే పిల్లలు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. చావే లేకపోతే తర్వాతి నోటిఫికేషన్ ఏ శతాబ్దంలో వస్తుందో. పింఛనుదారులకు మరో చిక్కు. అమరుడైనా సరే ఏటా తాను బతికే ఉన్నట్టు జీవన ప్రమాణ పత్రం ఇచ్చుకోవాలి. ఇతనికి చావు లేదని డాక్టరు రాసిచ్చినా ఆడిటు వాళ్ళు ఒప్పుకోరు.

ఆయుష్షు పెరగకూడదని నేననడం లేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనదేశంలో సగటు ఆయుర్దాయం ముప్ఫై రెండేళ్ళ ప్రాంతం. ఇప్పుడు డెబ్భై దగ్గర ఉంది. పసిపిల్లలు చనిపోకుండా ఆపిన టీకాలు, మంచినీళ్ళు, యాంటీబయాటిక్కులు చేసిన పని అది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన ప్రయోగశాల నుంచి బోదకాలుకు మందు వచ్చింది, కేన్సర్‌కు మెథోట్రెక్సేట్ వచ్చింది. ఆయన 1948లో 53 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. ఆయన పని మీద మూడు వందల కోట్ల డాలర్లు ఎవరూ పెట్టలేదు.

కాబట్టి చావుకు మందు కాస్తున్న శాస్త్రవేత్తలకు ఒక్క విన్నపం. మందు ఎప్పుడు బజారులోకొచ్చినా సరే, సీసా మీద ఎర్ర అక్షరాలతో, తెలుగులో కూడా, ఒక హెచ్చరిక అచ్చువేయించండి: పదవిలో ఉన్నవారు వాడరాదు.